నా డీ డ్రైవ్ ఎటు పోయింది?

(ఆపరేటింగ్ సిస్టం మార్చడానికి జనం ఎందుకు వెనకాడతారు: ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల దాకా వినబడుతోంది కదా? సరే, మొదలుపెడదాం.

కంప్యూటరుని నడిపే ఆపరేటింగ్ సిస్టంలలో ఒకటైన విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆ రోజు ఎవరి కంప్యూటరూ ఆగిపోలేదు. మర్నాడు పొద్దున స్విచ్ వేస్తే ఎప్పట్లాగే వెలిగింది. అందుకే చాలామంది దాన్ని పట్టించుకోలేదు. పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, సెక్యూర్ బూట్‌కి (నమ్మదగిన సిస్టమే లేచేట్టు చూసే ఏర్పాటుకి) వీలుండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు 8వ తరమో ఆ పైదో అయి ఉండాలి. 2015, 2016లలో కొన్న మిషన్ ఎంత బాగా నడుస్తున్నా ఆ జాబితాలోకి రాదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ పెట్టుకున్నవాళ్ళకీ, లేదంటే 30 డాలర్లు కట్టినవాళ్ళకీ 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించారు. అది వాయిదా, అంతే.

మరి విండోస్ బదులు వేసుకోవడానికి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఉంది కదా. పైసా ఖర్చు లేదు. అందులో ఒక రకమైన లినక్స్ మింట్‌కి 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే నయం. అయినా జనం అటు రారు. ఎందుకు రారు అంటే మన లినక్స్ వాళ్ళ దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి భయం, రెండోది బద్ధకం. రెండూ తప్పేనని నా వాదన. వెనకాడేవాళ్ళు వేసుకునే లెక్క సరైనదే. మనం వాళ్ళకి చూపించే లెక్కలోనే తప్పుంది.

మనం ఏం చెబుతాం? ఇరవై నిమిషాల్లో ఇన్‌స్టాల్ అయిపోతుందండీ అంటాం. నిజమే, అవుతుంది. ఇల్లు మారేటప్పుడు సామాను లారీ ఎక్కించడానికీ ఒక పూటే పడుతుంది. ఆ తర్వాత గ్యాస్ కనెక్షన్, పాల ప్యాకెట్, పిల్లల స్కూల్ ఆటో, ఆధార్‌లో అడ్రసు, ఇవన్నీ నెల రోజులు తింటాయి. ఇల్లు మారమని చెప్పేవాడు లారీ కిరాయి ఒక్కటే లెక్క చెబితే ఎవరు నమ్ముతారు?

అసలు ఆపరేటింగ్ సిస్టం వాడేవాళ్ళు ఎవరూ లేరు. జనం వాడేది పని. ఆ పని వెనక ఒక గొలుసు ఉంటుంది. ఒక్క లంకె తెగినా పని ఆగుతుంది, మిగతా తొమ్మిది ఎంత బాగున్నా ఉపయోగం లేదు. గొలుసు అంటే ఏమిటో ఒక్కటి విప్పి చూద్దాం. ముందు వరుసలో డీటీపీ వాళ్ళు కూర్చున్నారు కాబట్టి వాళ్ళదే తీసుకుంటాను.

మండల కేంద్రంలో ఒక డీటీపీ షాపు. పెళ్ళి కార్డు ఆర్డరు వచ్చింది. తెరిచేది పేజీలు కూర్చే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ 7. అది 2001లో వచ్చింది, దాని తర్వాత వెర్షన్ లేదు, అన్ని భాషల అక్షరాలకీ విడివిడి కోడ్లిచ్చే యూనికోడ్ దానికి తెలియదు. టైపు చేసేది అను అనే తెలుగు ఫాంట్లలో, యాపిల్ అనే పేరున్న కీబోర్డు లేఔట్‌లో. పదిహేను, ఇరవై ఏళ్ళుగా ఆ వేళ్ళు అదే దారిన పోతున్నాయి. ప్రింటు తీసేది లేజర్ ప్రింటర్ మీద. ఇక్కడే నాలుగు లంకెలు అయ్యాయి, కార్డు ఇంకా ప్రెస్సుకి పోలేదు.

ఆ ఫాంటు సంగతి దగ్గరగా చూడండి. యూనికోడ్‌లో ‘లక్ష్మి’ అని కొడితే ఫైల్లో ఏడు కోడ్లు దాచుకుంటుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. నోటితో పలికే వరుసలోనే ఉంటాయి. వాటిని కలిపి కంటికి అక్షరంగా కట్టే పని ఫాంటుదీ, సిస్టందీ. అను లాంటి పాత ఫాంట్లలో అలా కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ, యూరప్ భాషల గుర్తులకీ కేటాయించిన గళ్ళల్లో తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క అని బొమ్మలు పెట్టారు. ఆ ముక్కల్ని పక్కపక్కన పేరిస్తే చూడటానికి తెలుగు. ఫైలు లోపల మాత్రం తెలుగు లేదు. ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే ఉన్నదున్నట్టు గజిబిజి కనిపిస్తుంది. ఫైలు పాడైపోయిందని కస్టమర్ అనుకుంటాడు. పాడవలేదు, మొదటినుంచీ అది అంతే.

యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ రెండు వత్తులున్న చోట, రావత్తు దగ్గర తేడాలు వస్తుంటాయి కాబట్టి మార్చిన ప్రతి పేజీని మనిషి చదవాల్సిందే. పదేళ్ళ పెళ్ళి కార్డులూ ఓటర్ల లిస్టులూ కరపత్రాలూ ఎవరు కూర్చుని చదువుతారు? కాబట్టి ఆ షాపాయన లినక్స్ వద్దంటే బద్ధకం అనకండి. ఆయన మనకంటే బాగా లెక్క వేశాడు.

ఆయనకి నేను చెప్పేది వేరే ఉంది. ముందు సిస్టం మార్చొద్దు, ఫాంటు మార్చండి. ఈ రోజు నుంచి వచ్చే కొత్త పని యూనికోడ్‌లో చేయండి, అదే విండోస్ మీద. పేజీలు కూర్చే ఉచిత ప్రోగ్రామ్ స్క్రైబస్ విండోస్‌లో కూడా నడుస్తుంది. 2024 జనవరిలో వచ్చిన 1.6 వెర్షన్‌లో తెలుగు వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. పాత ఫైళ్ళలో మళ్ళీ అడిగేవి ఏవో మీకు తెలుసు. వాటిని ముందు పీడీఎఫ్ చేసి పెట్టుకోండి, ఫాంట్లు అందులోకి ఎక్కేట్టు. పేజ్‌మేకర్ ఉన్న పాత మిషన్‌ని ఇంటర్నెట్ వైరు పీకేసి అలాగే ఒక మూల ఉంచండి. అప్‌డేట్లు లేని మిషన్ నెట్‌కి తగిలి ఉంటే ప్రమాదం గానీ, నెట్ లేకుండా కార్డులు కొట్టుకుంటే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ఇక పెన్ డ్రైవ్‌ల మీద ఓ కన్నేసి ఉంచితే చాలు.

వేళ్ళ అలవాటు మాటేమిటి అంటారా? లినక్స్‌లో ఐబస్ అనే ఇన్‌పుట్ ఏర్పాటు ఉంది. దానికి ఎం17ఎన్ ప్యాకేజీ కలిపితే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, యాపిల్ లాంటి టైపింగ్ పద్ధతులు కనిపిస్తాయి. యాపిల్ ఉంది కదా అని అక్కడే సంబరపడకండి. అనులో అలవాటైన వేలికి కొన్ని కీలు తేడాగా తగలొచ్చు. ఒక పూర్తి పేజీ టైపు చేసి చూడండి. ఒక్క లైను చాలదు, తేడా కొట్టేది అరుదుగా వచ్చే అక్షరాల దగ్గరే. విండోస్‌లో 2019 మే అప్‌డేట్‌తో వచ్చిన తెలుగు ఫొనెటిక్‌కి అలవాటుపడ్డవాళ్ళు ఐట్రాన్స్‌ని, ఆర్‌టీఎస్‌ని రెండింటినీ చూసి ఏది దగ్గరగా ఉందో తేల్చుకోవాలి.

ఇప్పుడు ప్రింటర్. మన ఊళ్ళల్లో జిరాక్స్ షాపుల నుంచి లాయర్ల ఆఫీసుల దాకా కానన్ ఎల్‌బీపీ 2900 కనిపిస్తుంది. చిన్నది, గట్టిది, టోనర్ ఎక్కడైనా నింపుతారు. అది పేజీని తనంతట తాను తయారుచేసుకోలేదు. కాప్ట్ అనే పద్ధతిలో కంప్యూటరే పేజీ బొమ్మంతా తయారుచేసి పంపాలి. లినక్స్‌కి డ్రైవర్ ఉంది, కాకపోతే పాతబడింది. అందులో 32-బిట్ ముక్కలున్నాయి, కొత్త సిస్టంలో వాటికి కావలసిన లైబ్రరీలు విడిగా వేయాలి. వెనక నడిచే సీసీపీడీ అనే ప్రోగ్రామ్ ఆగిందంటే పేజీ క్యూలో నిలబడిపోతుంది, తెర మీద ఏ తప్పూ చూపించదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020ది ఇంకో రకం. ఆన్ చేసినప్పుడల్లా దాని ఫర్మ్‌వేర్‌ని, అంటే దాన్ని లోపల నడిపే ప్రోగ్రామ్‌ని, కంప్యూటరే పంపాలి. లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్లని నడిపే హెచ్‌పీలిప్ ఉండి దాని ప్లగిన్ (అదనపు ముక్క) వేయకపోతే ప్రింట్ అయిపోయింది అంటుంది, కాగితం రాదు. ప్లగిన్ వేస్తే చక్కగా పనిచేస్తుంది. ఆ ఒక్క మెట్టు ఎవరూ చెప్పక ఎంతమంది లినక్స్ దండగ అనుకున్నారో! కొత్త ప్రింటర్లతో ఈ బాధ తక్కువ. పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అని ఉంటే సాధారణంగా డ్రైవర్ వెతుక్కోకుండానే నడుస్తుంది.

అకౌంట్స్ వాళ్ళ విషయం త్వరగా చెప్పేస్తాను. లెక్కలు రాసుకునే టాలీప్రైమ్ విండోస్ ప్రోగ్రామ్. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ మీద దాన్ని నడిపేవాళ్ళున్నారు, కానీ మార్చి నెలాఖరు రాత్రి అది మొండికేస్తే ఫోన్ చేయడానికి ఎవరూ ఉండరు. డిజిటల్ సంతకం టోకెన్ ఉంది కదా, యూఎస్‌బీకి పెట్టేది, దాంతో ఇంకో చిక్కు. టోకెన్‌ని లినక్స్ గుర్తుపట్టడం ఒక సంగతి, పోర్టల్ వాడే సంతకం ప్రోగ్రామ్ లినక్స్‌లో ఉండటం వేరే సంగతి. ఒక పోర్టల్‌లో పనిచేసింది ఇంకో టెండరు పోర్టల్‌లో పనిచేయకపోవచ్చు. సొంత వ్యాపారమైతే జీఎస్టీకి ఓటీపీతో, అదే ఈవీసీతో, సరిపెట్టొచ్చు. కంపెనీలకీ ఎల్‌ఎల్‌పీలకీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థలకీ) డిజిటల్ సంతకం తప్పనిసరి. కాబట్టి అకౌంట్స్ మిషన్ జోలికి పోవద్దని నా సలహా. ఆ ఆఫీసులో మిగతా మిషన్లు మార్చండి.

ఇక ఇళ్ళల్లో వాడేవాళ్ళు. టాలీ లేదు, టోకెన్ లేదు, పేజ్‌మేకర్ లేదు. బ్రౌజర్, ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు, అప్పుడప్పుడూ ఒక ఉత్తరం. వీళ్ళకి లినక్స్ అన్ని విధాలా సరిపోతుంది, అయినా మొదటి వారంలోనే వెనక్కి వెళ్ళిపోతారు. ఎక్కడ తట్టుకుని పడతారో చూద్దాం.

మొదటి ప్రశ్న: నా డీ డ్రైవ్ ఎటు పోయింది? మన దగ్గర కంప్యూటరు బిగించి ఇచ్చేవాళ్ళు సీలో విండోస్, డీలో ఫొటోలు, ఈలో సినిమాలు అని మూడు ముక్కలు చేసి ఇవ్వడం ఆనవాయితీ. జనం తమ వస్తువుల్ని అక్షరంతో గుర్తుపెట్టుకున్నారు. లినక్స్‌లో ఆ అక్షరాలు లేవు. డిస్కు ముక్కకి పేరు పెట్టకపోతే అది ‘500 జీబీ వాల్యూమ్’ అని కనిపిస్తుంది. ఏడేళ్ళ ఫొటోలు పోయాయనుకుని గుండె జారిపోతుంది. దీనికి మందు పది సెకన్ల పని. విండోస్‌లో ఉండగానే డీ డ్రైవ్ మీద రైట్ క్లిక్, రీనేమ్, ‘డీ ఫొటోలు’ అని పెట్టండి. ఆ పేరే లినక్స్‌లోనూ కనిపిస్తుంది.

రెండోది: ఫైలు తెరుచుకుంటుంది, సేవ్ కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఆన్‌లో ఉంటుంది. షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న డిస్కు మీద రాస్తే పాడవుతుందని లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే ఇస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయాలి.

మూడోది గడియారం. ఇది నాకు భలే ముచ్చటగా ఉంటుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయం అని విండోస్ అనుకుంటుంది, యూటీసీ, అంటే గ్రీనిచ్ సమయం, అని లినక్స్ అనుకుంటుంది. ఒకే మిషన్‌లో రెండూ ఉంటే, లినక్స్ వాడి విండోస్‌లోకి రాగానే టైము సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. మనకూ గ్రీనిచ్‌కూ ఉన్న తేడా అదే కదా. మధ్యాహ్నం పన్నెండుకి పొద్దున ఆరున్నర చూపిస్తుంది. ఇల్లంతా ‘ఆ లినక్స్ వేసిన దగ్గర్నుంచీ కంప్యూటర్ చెడిపోయింది’ అంటారు. హార్డ్‌వేర్ గడియారం స్థానిక సమయంలో ఉంచమని లినక్స్‌కి ఒక్క ఆదేశం ఇస్తే సర్దుకుంటుంది. ఇచ్చేవాడు పక్కన ఉండాలిగా!

నాలుగోది ఉత్తరం మూడో పేజీకి పొర్లడం. వర్డ్ లాంటి పనులు చేసే ఉచిత ప్రోగ్రామ్ లిబ్రేఆఫీస్‌లో కాలిబ్రి ఫాంటు బదులు కార్లిటో, కేంబ్రియా బదులు కలాడియా వాడతారు. వాటి అక్షరాల వెడల్పు ఒకటే కాబట్టి ఇంగ్లీషు ఉత్తరం కదలదు. వర్డ్‌లో కొత్తగా డిఫాల్ట్ అయిన ఆప్టోస్‌కి అలాంటి జోడీ లేదు. తెలుగుకైతే మరీ. విండోస్ తెలుగు ఫాంటు గౌతమిలో టైపు చేసిన అర్జీ లినక్స్‌లో ఉండే లోహిత్ ఫాంటులోనో నోటోలోనో తెరిస్తే వరుసల ఎత్తు మారి రెండు పేజీలది మూడవుతుంది, సంతకం ఒక్కటీ మూడో పేజీలో ఒంటరిగా నిలబడుతుంది. దీనికి లినక్స్‌నే తప్పుపట్టలేం. విండోస్ 10లోనే గౌతమి, వాణి విడిగా వేసుకోవలసిన ఫాంట్లయ్యాయి. పంపేది పీడీఎఫ్‌గా పంపండి, దాచుకునేది అందరి దగ్గరా ఉండే ఫాంటులో దాచుకోండి.

మెనూలు తెలుగులో లేకే జనం రావడం లేదని కొందరంటారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో సిస్టం తెచ్చింది, అది గొప్ప పనే. కానీ ఇరవై ఏళ్ళుగా ‘సేవ్’ నొక్కిన మనిషి ‘భద్రపరచు’ కోసం తెరంతా వెతుక్కుంటాడు. తెలుగు మెనూ మొదటిసారి కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళకి, మారేవాళ్ళకి కాదు.

ఈ తేడా కేరళలో బాగా కనిపిస్తుంది. అక్కడ ఐటీ@స్కూల్, ఇప్పటి పేరు కైట్, ప్రభుత్వ బడుల్ని లినక్స్‌కి తెచ్చింది. పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దాని మీదే. అది ఎందుకు నిలిచిందంటే పిల్లల వెనక పాత ఫైళ్ళు లేవు, పాఠ్యపుస్తకం అదే సిస్టం మీద రాశారు, టీచర్లకి శిక్షణ ఇచ్చారు. జర్మనీలో మ్యూనిక్ నగరం 2003లో నిర్ణయం తీసుకుని 2013 నాటికి ఇంచుమించు 15,000 మిషన్లు లినక్స్‌కి మార్చింది. 2017లో మళ్ళీ విండోస్‌కి వెళ్ళాలని కౌన్సిల్ ఓటేసింది. రాజకీయమే కారణమని కొందరు, బయటి ఆఫీసులతో ఫైళ్ళ ఇచ్చిపుచ్చుకోళ్ళ ఇబ్బంది అని కొందరు. 2020లో వచ్చిన కూటమి తిరిగి ఓపెన్ సోర్స్‌కే (లినక్స్ లాంటి, కోడ్ అందరికీ తెరిచి ఉంచే ప్రోగ్రాములకే) ప్రాధాన్యం అంది. నగరపాలక సంస్థే అటూ ఇటూ ఊగితే, ఒక్క కంప్యూటరున్న ఇంటిని తప్పుపట్టడానికి మనమెవరం?

సరే, ఏం చేయాలి. ఒకే ఒక్క సూత్రం మీద నడుద్దాం: తిరిగొచ్చే దారి ముందు చూపించాలి. అంటే సిస్టం మార్చకండి, డిస్కు మార్చండి.

2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు బదులు పెట్టే వేగమైన డిస్కు), 240 లేదా 256 జీబీది కొనండి. పాత హార్డ్ డిస్కు ఊడదీసి పక్కన పెట్టండి. కొత్త దాని మీద లినక్స్ వేయండి. పాతదాన్ని యూఎస్‌బీ కేసులో పెడితే ఫైళ్ళు అందులోంచి తీసుకోవచ్చు. నచ్చలేదా, స్క్రూలు విప్పి పాతది బిగిస్తే మీ విండోస్ మీది, ఒక్క ఐకాన్ కూడా జరగదు. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మీ ఫిర్యాదు కంప్యూటరు నిదానంగా ఉందని మాత్రమే అయితే, ఎస్‌ఎస్‌డీ పెట్టి మళ్ళీ విండోసే వేసినా చాలా మార్పు కనిపిస్తుంది. ఆ వేగం లినక్స్‌దని చెప్పి అమ్మకండి.

డిస్కు ఊడని లాప్‌టాప్ అయితే విండోస్, లినక్స్ రెండూ ఒకే డిస్కు మీద పక్కపక్కనే వేయాలి. అప్పుడు ముందుగా డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో, అంటే సిస్టం లేవకముందే వచ్చే సెట్టింగుల్లో, చేయి పెట్టాక విండోస్ అది అడగొచ్చు. ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనిపించకపోతే బయోస్‌లో డిస్కుని నడిపే పద్ధతుల్లో ఒకటైన ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ ఆన్‌లో ఉందేమో చూడండి. దాన్ని ఊరికే ఇంకో పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చేస్తే విండోస్ లేవదు. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో (కనీస డ్రైవర్లతో మాత్రమే) లేచేట్టు పెట్టి, అప్పుడు మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి, తర్వాత మామూలుగా తేవాలి.

ఇదంతా ఎందుకు, ఇన్‌స్టాల్ చేయకుండానే ముందు లినక్స్‌ని పెన్ డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. 8 జీబీది చాలు, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో లినక్స్‌ని దాని మీద రాయండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, జాగ్రత్త. డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కుతూ ఆన్ చేయండి. అక్కడ వేగం చూడకండి, పెన్ డ్రైవ్ మీద ఏదైనా నత్తనడకే. ఒక పేజీ ప్రింటు తీయండి. తెలుగు ఒక పేజీ టైపు చేయండి. మూత వేసి ఐదు నిమిషాల తర్వాత తెరవండి, లేస్తుందో లేదో. కెమెరా, స్పీకరు, స్కానర్. వైఫై దొరకలేదంటే ఆండ్రాయిడ్ ఫోన్ కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది, ఆ నెట్‌తో డ్రైవర్ దింపుకోవచ్చు.

ఇంకా ముందు రెండు నెలలు విండోస్ మీదే ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ, థండర్‌బర్డ్ వాడండి. కింద నేల మారినా పైన సామాను అదే ఉంటే మనిషి కంగారుపడడు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఆండ్రాయిడ్ లోపల కూడా లినక్సే కదా, ఫోన్ మార్చడానికి ఎవరూ వెనకాడరేం?

లోపల కెర్నెల్, అంటే సిస్టం గుండెకాయ, లినక్సే, నిజం. కానీ కొత్త ఫోన్ వచ్చినప్పుడు పాతది జేబులోనే ఉంటుంది. కాంటాక్టులు అకౌంట్‌తో వచ్చేస్తాయి, ఏదైనా రాకపోతే పాతది తీసి చూసుకుంటారు. నేను చెప్పిన డిస్కు మార్పిడి అదే. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వెళ్ళమనండి, వాట్సాప్ చాట్‌ల దగ్గర వాళ్ళూ ఆగుతారు.

ప్రశ్న: క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ వేయొచ్చా?

అది పాత కంప్యూటర్ల కోసం గూగుల్ ఇచ్చే సిస్టం. పనంతా బ్రౌజర్‌లోనే అయితే వేయొచ్చు. 4 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్కు అడుగుతుంది. ప్లే స్టోర్ యాప్‌లు రావు. ఎల్‌బీపీ 2900 ఉన్నవాళ్ళు మాత్రం దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: ఊడదీసిన పాత డిస్కు ఎన్నాళ్ళు ఉంచాలి?

ఒక ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను సీజను, పిల్లల పరీక్షల అప్లికేషన్లు, ఏడాదిలో వచ్చే పనులన్నీ ఒక చుట్టు కొత్త దాని మీద గడవనివ్వండి. డిస్కు మీద తేదీ, ఏ మిషన్‌దో రాసి కాగితం అంటించండి. డ్రాయర్‌లో పేరు లేని డిస్కులు మూడుంటే అన్నీ ఒకేలా ఉంటాయి. దాన్నే బ్యాకప్ అనుకోవద్దు, పదేళ్ళ నాటి హార్డ్ డిస్కది. ఫొటోలు మొదటి వారంలోనే ఇంకో చోటికి కాపీ చేయండి.